గాజు గిన్నెలో చర్మం నారు

తపాలా బిళ్లంత చర్మం ముక్క నుంచి ఒళ్లంతా కప్పేంత చర్మాన్ని పెంచొచ్చంటే నమ్ముతారా? కొండాపురం, ఉదయగిరి రైతులకైతే చప్పున అర్థమవుతుంది. ఇదీ నారు పోయడం లాంటిదే మరి!

ఆ మడి కట్టింది అమెరికా శాస్త్రవేత్తలు జేమ్స్ రీన్‌వాల్డ్, హోవార్డ్ గ్రీన్. 1975లో వాళ్లు గిన్నె అడుగున, ఇక విభజన చెందకుండా చేసిన ఎలుక కణాలను పరిచి, వాటి అండతో మనిషి చర్మకణాలను పెంచారు. హైడ్రోకార్టిజోన్ హార్మోన్‌ను చిటికెడంటే చిటికెడు కలిపితే కణాల గుంపులు ఒద్దికగా ఎదిగాయి. 1983లో ఒళ్లంతా కాలిపోయిన ఇద్దరు అన్నదమ్ములను బోస్టన్ వైద్యులు కాపాడింది ఇలా పెంచిన చర్మంతోనే. మన హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనూ 2001లో ఇలాగే కంటి పైపొర కణాలను పెంచి, రసాయనాలు పడి చూపు పోయినవారికి అతికించడం మొదలుపెట్టారు.

ఇక విటమిన్లు. ఒక్కోదానిది ఒక్కో తీరు. 'ఎ' ఎక్కువైతే కణాలు ముదిరి గట్టిపడటం మానేస్తాయి. 'డి' అందుకు విరుద్ధం. పెరుగుదలకు కళ్లెం వేసి, కణాలను ముదిరేలా చేస్తుంది. పొలుసులు రాలే సోరియాసిస్‌కు 'డి' తరహా పూతమందులు ఇస్తున్నది అందుకే. 'సి' లేకపోతే అడుగుపొర కణాలు కొలాజెన్‌ను సరిగా అల్లలేవు. కణాలు పెంచే ద్రవాల్లో ఫోలిక్ ఆమ్లమూ ఉంటుంది. 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడెవరో తెలుసా? భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు!

గిన్నెలో ఇంత మేలు చేసిన హార్మోనే కదా, మొహానికి రాస్తే పోలా అనుకుంటే మాత్రం కష్టమే. ఎండకు కమిలిన మొహం తెల్లబడాలని చాలామంది ఎవరో చెప్పిన క్రీము తెచ్చి నెలల తరబడి పూసేస్తుంటారు. వాటిలో కొన్నింట్లో ఉండేది హైడ్రోకార్టిజోన్ జాతివే అయినా దానికంటే ఎన్నో రెట్లు ఘాటైన స్టెరాయిడ్లు. గిన్నెలో మోతాదు అతిస్వల్పం, పక్కనే ఎదుగుదలకు కావాల్సినవన్నీ ఉంటాయి. మొహం మీద రోజూ రుద్దితే జరిగేది వేరు. కణాల పెరుగుదల తగ్గుతుంది, కొలాజెన్ తయారీ పడిపోతుంది. మొదట్లో నిగారింపు కనిపిస్తుంది, తర్వాత చర్మం కాగితంలా పల్చబడి సన్నటి నరాలు బయటపడతాయి. మొటిమలు, అక్కర్లేని వెంట్రుకలు సరేసరి. క్రీము మానేస్తే మంట, ఎరుపు. ఆ మంటకు తాళలేక మళ్లీ అదే ట్యూబు!

2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి 14 స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడదని ఆదేశించింది. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ పేర్లున్నాయేమో చూడండి. ఇప్పటికే నెలలుగా వాడుతుంటే ఉన్నపళంగా ఆపకుండా, ఆ ట్యూబు పట్టుకుని చర్మవైద్యుణ్ని కలవండి.