గవ్వలకు చెవులతో పనేముంది?

ఫరంపేటలోనైనా, ఏ ఊరి అరుగు మీదైనా అష్టాచమ్మా గడి గీస్తే చాలు, నలుగురు చేరతారు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మ, బోర్లా పడితే అష్ట. అంతా కంటికి కనపడే ఆటే. అయినా వినపడని పిల్లాడు పక్కన కూర్చుని చూస్తుంటాడు. ఎందుకంటారా? 'కాయ పండింది', 'నీ కాయ చచ్చింది' అంటూ నలుగురూ ఒక్కసారే అరుస్తారు. తగవు దేనికో అతనికి అందదు. అడిగితే 'ఏం లేదులే' అంటారు. అసలు బాధ అక్కడే!

అతన్ని వెలుగులో, అందరి మొహాలూ కనపడేలా కూర్చోబెట్టండి. వంతు రాగానే భుజం తట్టండి. పందెం వేళ్లతో చూపండి. గొడవొస్తే ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి. భారతీయ సంజ్ఞా భాష నిఘంటువు 2018లో 3 వేల పదాలతో వచ్చింది. అరుగు మీద ఆటకు పది సంజ్ఞలు చాలు. అవీ ఆ పిల్లాడినే అడిగి నేర్చుకోవచ్చు.