మీకు తెలుసా? బంపర్ మారిస్తే బండి చూపు మందగించొచ్చు!

అమెరికాలో ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్, రివియన్ ఆర్1టీ వంటి ఎలక్ట్రిక్ పికప్‌లకు కంపెనీ బంపర్ తీసేసి, బయట కొన్న దిట్టమైన ఉక్కు బంపర్ బిగించుకునే సరదా చాలామందికి ఉంది. కొనేముందు ఇవి చూసుకోవాలి:

• పార్కింగ్ సెన్సార్లు బంపర్‌లోనే ఉంటాయి. కొత్తదానిలో వాటికి సరైన చోటు లేకపోతే బీప్‌లు అదేపనిగా మోగుతాయి, లేదా అసలు మోగవు.

• లైట్నింగ్ ముందు భాగంలో ఇంజన్ లేదు, సుమారు 400 లీటర్ల డిక్కీ ఉంది. బానెట్‌తోపాటు గ్రిల్ కూడా పైకి లేస్తుంది. బంపర్ మీద ఎత్తుగా గొట్టాలుంటే సామాను పెట్టడానికి అడ్డే.

• ఒకే పరిమాణంలో అల్యూమినియం బరువు ఉక్కు బరువులో మూడో వంతే. బరువు, గాలి నిరోధం పెరిగేకొద్దీ ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం తగ్గుతుంది.

• ప్రమాదంలో బండి ముందు భాగం నలిగి దెబ్బను మింగాలి. మరీ మొండి బంపర్ ఆ పనికి అడ్డొస్తుంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే సమయమూ తప్పొచ్చు.

మన దగ్గరైతే ఈ సరదాకు జరిమానా తప్పకపోవచ్చు: బుల్ బార్లు, క్రాష్ గార్డులపై చర్యలు తీసుకోవాలని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు చెప్పింది.