అద్దెకు దిగి ఇల్లు కూల్చిన ఫ్లాష్

2010 జూన్ చివరి వారంలో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లాకు ఒక విచిత్రమైన చిక్కు వచ్చిపడింది. 22వ తేదీన విడుదలైన 3.6.4 వెర్షన్‌లో వాళ్లు కొత్తగా ఒక కాపలా పెట్టారు. ఏ ప్లగిన్ (బ్రౌజర్‌లో చేరి పనిచేసే బయటి ప్రోగ్రాం) అయినా 10 సెకన్లపాటు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే, అది పోయినట్టే లెక్కగట్టి బ్రౌజర్ దాన్ని ఆపేస్తుంది. ఆలోచన మంచిదే. ఫేస్‌బుక్‌లో ఫార్మ్‌విల్ ఆడేవాళ్ల సంగతే ఎవరికీ తట్టలేదు. పాత కంప్యూటర్లలో ఆ ఆట లోడ్ కావడానికే 10 సెకన్లు చాలవు. పొలం తెర మీదికి రాకముందే ‘ప్లగిన్ క్రాష్ అయింది’ అన్న బూడిదరంగు పెట్టె ప్రత్యక్షమయ్యేది. ఫిర్యాదులు వెల్లువెత్తాయి. నాలుగు రోజులు తిరక్కుండానే, 26న, 3.6.6 వచ్చింది. అందులో చెప్పుకోదగ్గ మార్పు ఒక్కటే: 10 సెకన్ల గడువు కాస్తా 45 అయింది.

ఆ ఆటను నడిపించిన ప్లగిన్ పేరు ఫ్లాష్ ప్లేయర్. చాలా ఏళ్లపాటు డెస్క్‌టాప్ మీద వీడియో అంటే అదే, వీడియో ఆగిపోయిందంటే తిట్లు తిన్నదీ అదే. నెట్ సెంటర్లలో కుర్రాళ్లు రోజుకు పదిసార్లు రీఇన్‌స్టాల్ చేసిన సాఫ్ట్‌వేర్ ఏదని అడిగితే చాలామంది దాని పేరే చెబుతారు.

ఫ్లాష్ అసలు వీడియో కోసం పుట్టలేదు. 1993లో జొనాథన్ గే, చార్లీ జాక్సన్ తదితరులు అమెరికాలో ఫ్యూచర్‌వేవ్ అనే చిన్న కంపెనీ పెట్టి, తెర మీద పెన్నుతో రాసే కంప్యూటర్ల కోసం స్మార్ట్‌స్కెచ్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాం రాశారు. ఆ కంప్యూటర్లు మార్కెట్లో నిలవలేదు. ప్రోగ్రాంను విండోస్‌కు, మ్యాక్‌కు మార్చారు. బొమ్మల్ని కదిలించే ఏర్పాటు కూడా ఉంటే బాగుంటుందని చూసినవాళ్లు చెబితే అదీ చేర్చారు. ఆ బొమ్మల్ని వెబ్‌పేజీలో ఆడించడానికి మొదట జావాలో ప్లేయర్ రాస్తే అది నత్తనడక నడిచింది. సరిగ్గా ఆ సమయంలోనే నెట్‌స్కేప్ తన బ్రౌజర్‌లోకి బయటివాళ్ల ప్రోగ్రాంలు వచ్చి పనిచేసేలా తలుపు తెరిచింది. 1995లో ఈ సరుకును కొనమని ఫ్యూచర్‌వేవ్ వాళ్లు అడోబ్‌ను అడిగారు. అడోబ్ వద్దంది. 1996 మేలో ఫ్యూచర్‌స్ప్లాష్ యానిమేటర్‌గా అది బజారుకెక్కింది, ఆ ఏడాది చివర్లో మాక్రోమీడియా కొనేసి ఫ్లాష్ అని పేరు పెట్టింది. వద్దన్న అడోబ్ పదేళ్ల తర్వాత, 2005 డిసెంబరులో, సుమారు 340 కోట్ల డాలర్లకు మాక్రోమీడియాను మొత్తంగా కొనుక్కుంది. అందులో ఫ్లాష్ కూడా ఉంది.

2002లో వచ్చిన ఆరో వెర్షన్‌తో ఫ్లాష్‌కు వీడియో అబ్బింది. అప్పటిదాకా నెట్‌లో వీడియో చూడాలంటే ఒక సైటుకు రియల్‌ప్లేయర్, ఇంకోదానికి విండోస్ మీడియా, మూడోదానికి క్విక్‌టైమ్ ఉండాలి. ఫ్లాష్ మాత్రం అప్పటికే నూటికి తొంభైకి పైగా కంప్యూటర్లలో కూర్చుని ఉంది. 2005లో మొదలైన యూట్యూబ్ దాన్నే ఎంచుకుంది. క్లిక్ చేస్తే చాలు, పేజీలోనే బొమ్మ ఆడుతుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు పాత సినిమా పాటలు వెతుక్కున్నదీ, ఇక్కడి పిల్లలు ట్రైలర్లు చూసిందీ దాని పుణ్యానే.

మరి ఎందుకు కూలింది?

నెట్‌స్కేప్ తెరిచిన తలుపులోనే లోపం ఉంది. ప్లగిన్ బయటి కంపెనీది, కానీ అది నడిచేది బ్రౌజర్ ప్రాసెస్ లోపల, దాని మెమరీలోనే. ముక్కూ మొహం తెలియని మనిషికి ఇల్లు అద్దెకిచ్చి, వంటగది, బీరువా, కరెంటు మీటరు అన్నీ ఉమ్మడిగా వాడుకోమన్నట్టు. వీడియో ఆడించడం తేలికైన పని కూడా కాదు. సెకనుకు ఇరవై ముప్పై ఫ్రేములు విప్పాలి, రంగులు మార్చాలి, గొంతుతో పెదవులు కలపాలి, గ్రాఫిక్స్ కార్డును పలకరించాలి. ఈ హడావుడిలో ప్లగిన్ తనది కాని మెమరీ చిరునామాలో ఒక్కసారి వేలు పెట్టినా, ఆపరేటింగ్ సిస్టం మొత్తం ప్రాసెస్‌ను చంపేస్తుంది. తప్పు అద్దెవాడిది, కూలేది ఇల్లంతా. ఇంకో ట్యాబ్‌లో సగం నింపిన దరఖాస్తు, రాస్తున్న ఈమెయిలు అన్నీ ఒకేసారి మాయం.

అద్దెవాడికి వేరే గది కట్టడమే దీనికి మందు. 2008 సెప్టెంబరులో వచ్చిన గూగుల్ క్రోమ్ మొదటినుంచీ ప్లగిన్‌లను వేరే ప్రాసెస్‌లో ఉంచింది. 2009లో ఆపిల్ కూడా స్నో లెపర్డ్‌లోని సఫారీకి ఆ ఏర్పాటు చేసింది. ఫైర్‌ఫాక్స్‌కు 2010లో ‘ప్లగిన్-కంటెయినర్’ పేరుతో వచ్చింది. విండోస్ టాస్క్ మేనేజర్‌లో ఆ పేరు చూసి వైరస్ అనుకుని హడలిపోయినవాళ్లు తక్కువేం కాదు. నిజానికి అది గోడ. ఇకపై ఫ్లాష్ కూలితే వీడియో ఉన్న చోట బూడిదరంగు పెట్టె మిగిలేది, పక్క ట్యాబ్‌లోని ఈమెయిలు పదిలంగా ఉండేది.

తప్పెవరిదన్న పంచాయితీ మాత్రం ఆగలేదు. 2010 ఏప్రిల్ 29న స్టీవ్ జాబ్స్ ఒక బహిరంగ లేఖ రాసి, మ్యాక్‌లు క్రాష్ కావడానికి మొదటి కారణం ఫ్లాషేనని తేల్చేశాడు. ఐఫోన్‌లోకి దాన్ని రానివ్వకపోవడానికి చెప్పిన కారణాల్లో అదొకటి. అప్పటి అడోబ్ సీఈవో శంతను నారాయణ్. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో, ఉస్మానియాలో చదువుకున్న మనవాడే. అదే రోజు వాల్‌స్ట్రీట్ జర్నల్‌తో మాట్లాడుతూ, మ్యాక్‌లో ఫ్లాష్ కూలుతోందంటే అందులో ఆపిల్ ఆపరేటింగ్ సిస్టం పాత్ర ఉందని తిప్పికొట్టాడు. వ్యాపార లెక్కలు పక్కన పెట్టి చూస్తే ఇద్దరూ చెరిసగం నిజమే చెప్పారు. బ్రౌజర్, ప్లగిన్, ఆపరేటింగ్ సిస్టం, గ్రాఫిక్స్ డ్రైవర్ నాలుగూ కలిసి నడిపే పనిలో క్రాష్ ఎప్పుడూ సరిహద్దులోనే జరుగుతుంది.

ఆ సరిహద్దు తగాదా ఎంత సున్నితమో లైనక్స్‌లో జరిగిన ఒక ఉదంతం చెబుతుంది. 2010 చివర్లో ఫెడోరా 14 వేసుకున్నవాళ్లకు ఫ్లాష్‌లో వీడియో బాగానే కనిపించేది, శబ్దం మాత్రం గరగరలాడేది. ఫ్లాష్ మారలేదు, సౌండ్ కార్డూ మారలేదు. మారింది గ్లిబ్‌సీ అనే మూల లైబ్రరీలో ఒక్క ఫంక్షన్: మెమరీలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి బైట్లు నకలు చేసే ‘మెమ్‌కాపీ’. కొత్త ప్రాసెసర్ల మీద వేగం కోసం దాన్ని కొన్ని సందర్భాల్లో చివరి నుంచి వెనక్కి నకలు చేసేలా తిరగరాశారు. నకలు తీసే చోటు, వేసే చోటు ఒకదాని మీద ఒకటి పడకపోతే ఏ వైపు నుంచి తీసినా ఫలితం ఒకటే. ఒకదాని మీద ఒకటి పడితే మాత్రం ఇంకా చదవని బైట్ల మీదే కొత్తవి రాసేసినట్టవుతుంది. అలాంటప్పుడు ‘మెమ్‌మూవ్’ వాడాలని సీ భాష నియమం. ఫ్లాష్ ఆ నియమం పాటించలేదు. ఇన్నాళ్లూ అదృష్టంకొద్దీ నడిచింది.

తప్పు అడోబ్‌దే కాబట్టి వాళ్లే సరిచేసుకోవాలని కొందరన్నారు. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ చర్చలో దిగి ఒప్పుకోలేదు. నిన్నటిదాకా పనిచేసింది ఇవాళ పనిచేయకపోతే, వాడుకునేవాడికి నియమాల పుస్తకంతో పనేముందన్నది అతని వాదం. చివరికి గ్లిబ్‌సీ 2.14లో మధ్యేమార్గం వెతికారు: పాత ప్రోగ్రాంలకు పాత పద్ధతి, కొత్తగా తయారైనవాటికి కొత్త మెమ్‌కాపీ. ఈ తగవులో న్యాయం టోర్వాల్డ్స్ వైపే ఉందనిపిస్తుంది.

విండోస్‌లో 2012 జూన్ ఇంకో తలనొప్పి తెచ్చింది. ఫ్లాష్ 11.3లో భద్రత కోసం ఫైర్‌ఫాక్స్‌కు ‘ప్రొటెక్టెడ్ మోడ్’ పెట్టారు. దాంతో ఒక్క వీడియో ఆడటానికి బ్రౌజర్, ప్లగిన్-కంటెయినర్, వాటితోపాటు ఫ్లాష్ సొంత ప్రాసెస్‌లు రెండు, మొత్తం నాలుగు నడిచేవి. వీటిలో ఎక్కడ మాట తెగినా వీడియో బిగుసుకుపోయేది. వెబ్ వీడియోలను రికార్డు చేసుకునేందుకు రియల్‌ప్లేయర్ తగిలించే ఎక్స్‌టెన్షన్ ఉంటే గొడవ ఖాయం. దాన్ని తీసేసినా కుదరనివాళ్లు విండోస్ ఫోల్డర్‌లోకి వెళ్లేవారు. 32 బిట్‌ల మెషిన్‌లో సిస్టం32, 64 బిట్‌లదైతే సిస్‌వావ్64, అందులో మాక్రోమెడ్, దానిలో ఫ్లాష్. అక్కడి ‘ఎంఎంఎస్.సీఎఫ్‌జీ’ అనే చిన్న టెక్స్ట్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ప్రొటెక్టెడ్ మోడ్ సమానం సున్నా అని ఒక వరుస చేర్చి సేవ్ చేస్తే క్రాష్‌లు ఆగేవి. అయితే అది రోగం కుదర్చడం కాదు, గోడ పడగొట్టడం. భద్రతను వదులుకుని సినిమా చూడటమన్నమాట.

క్రోమ్‌లో తంటా వేరు. 2010 నుంచి అది తన ఫ్లాష్‌ను తనతోనే తెచ్చుకునేది. కంప్యూటర్‌లో విడిగా వేసుకున్న ఫ్లాష్ ఇంకోటి ఉండేది. రెండూ ఉన్న చోట ‘షాక్‌వేవ్ ఫ్లాష్ స్పందించడం లేదు’ అన్న పసుపు పట్టీ మాటిమాటికీ వచ్చేది. అడ్రస్ బార్‌లో ప్లగిన్‌ల పేజీ తెరిచి, వివరాలు విప్పి, రెంటిలో ఒకదాన్ని డిజేబుల్ చేస్తే గొడవ సద్దుమణిగేది. ఇవేవీ తెలియనివాళ్లకు కూడా అక్కరకొచ్చిన చిట్కా ఒకటుంది: వీడియో మీద రైట్ క్లిక్, సెట్టింగ్స్, ‘హార్డ్‌వేర్ యాక్సిలరేషన్’ ముందున్న టిక్కు తీసేయడం. పాత గ్రాఫిక్స్ డ్రైవర్ల మీద ఈ ఒక్క పని చాలా క్రాష్‌లను ఆపింది. భారం ప్రాసెసర్ మీద పడి ఫ్యాను గోల చేసేది, అంతే.

ఫ్లాష్ ప్రాణం తీసింది క్రాష్‌లు కావు, ఆ క్రాష్‌ల వెనకున్న రంధ్రాలు. మెమరీలో తప్పు చోట వేలు పెట్టించగలిగితే, దాడి చేసేవాడు అక్కడ తన కోడ్ నడిపించుకోగలడు. 2015 జులైలో ఇటలీకి చెందిన హ్యాకింగ్ టీం కంపెనీ ఫైళ్లు బయటపడినప్పుడు, అప్పటిదాకా ఎవరికీ తెలియని ఫ్లాష్ లోపాలు వాటిలో దొరికాయి. మొజిల్లా కొద్దిరోజులపాటు ఫ్లాష్‌ను అడ్డుకుంది. ఆ ఏడాది జనవరిలోనే యూట్యూబ్ బ్రౌజర్ సొంత వీడియో పద్ధతి అయిన హెచ్‌టీఎంఎల్5కు మారిపోయింది. ఫ్లాష్‌ను 2020 చివరికల్లా ఆపేస్తామని అడోబ్ 2017 జులైలో ప్రకటించింది, మాట నిలబెట్టుకుంది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్ తనంతట తానే ఏదీ ఆడించడం మానేసింది. ఆ రోజు చైనాలోని దాలియన్‌లో రైల్వే సిబ్బంది వాడే వ్యవస్థ నిలిచిపోతే, పాత వెర్షన్‌లు వెతికి వేసుకోవాల్సి వచ్చింది. దక్షిణాఫ్రికా పన్నుల శాఖ తన ఫారాల కోసం ఏకంగా సొంత బ్రౌజర్‌నే విడుదల చేసింది.

ఇవాళ డెస్క్‌టాప్‌లో వీడియో బిగుసుకుపోతే వెతకాల్సిన చోట్లు పెద్దగా మారలేదు. ముందు అదే వీడియోను ఇంకో బ్రౌజర్‌లో చూడాలి. అక్కడ ఆడితే తప్పు మొదటి బ్రౌజర్‌ది, లేదా దానికి తగిలించిన ఎక్స్‌టెన్షన్‌లది. వాటిని ఆపి చూడాలి. రెండింటిలోనూ ఆడకపోతే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపి, గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేయాలి. నెట్‌ఫ్లిక్స్ లాంటి చోట్ల మాత్రమే ఆగుతుంటే, కాపీ కాకుండా కాపాడే వైడ్‌వైన్ భాగాన్ని అనుమానించాలి. ప్లగిన్‌ల కాలం పోయినా బ్రౌజర్ లోపల మిగిలిన బయటి సరుకు అది. ఫైర్‌ఫాక్స్‌లో అది కూలితే వచ్చే సందేశంలో ప్లగిన్ అన్న మాట ఇప్పటికీ కనిపిస్తుంది.

ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. 2020 డిసెంబరు తర్వాత అడోబ్ ఫ్లాష్ ప్లేయర్‌కు అప్‌డేట్‌లు ఇవ్వడం లేదు. ‘ఈ వీడియో చూడాలంటే ఫ్లాష్ అప్‌డేట్ చేసుకోండి’ అని ఏ పేజీ అయినా అడిగితే అది మోసమే. క్లిక్ చేయకుండా ఆ ట్యాబ్ మూసేయండి.