చేతినిండా నాబు

ఆంప్లిఫైయర్ సొంతంగా బిగించుకునేవాళ్లకి అన్నీ అయ్యాక ఒక చిక్కు మిగులుతుంది. బోర్డు దొరుకుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది, హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీ ఒక చుట్టు చుడితే డబ్బా కూడా దొరుకుతుంది. వాల్యూమ్‌కి చేతినిండా పట్టుకు తిప్పే పెద్ద నాబు మాత్రం అంత తేలిగ్గా దొరకదు. కొట్లో చూపించేవి చాలావరకు అంగుళం దాటవు. అలాంటి పెద్ద నాబుల సంగతులు కొన్ని, వాటిని సంపాదించే దారులు కొన్ని ఇవి.

*

నాబు పెద్దదిగా ఉండటం మొదట్లో సోకు కాదు, అవసరం. 1920లలో అమెరికాలో అమ్మిన చాలా రేడియోలకి ముందు పలక మీద మూడేసి డయళ్లు ఉండేవి. ఒక్కొక్కటి మూడు నాలుగు అంగుళాల వెడల్పు. మూడింటినీ విడివిడిగా తిప్పాలి, మూడూ ఒకే స్టేషన్ మీదికి రావాలి, అప్పుడు గానీ పాట వినపడదు. ఏ స్టేషన్‌కి ఏ డయలు ఏ అంకె మీద ఉండాలో జనం కాగితం మీద రాసి పెట్టుకునేవారు. డయలు పెద్దదైతే అంకెల మధ్య ఎడం ఉంటుంది, వేలు కాస్త కదిలినా స్టేషను జారిపోదు.

అప్పట్లో ఇంకో తంటా కూడా ఉండేది. మనిషి చేతికీ కొంత కెపాసిటెన్స్ ఉంటుంది. చెయ్యి దగ్గరికి తెస్తే ట్యూనింగ్ మారిపోయేది, తీస్తే మళ్లీ మారేది. తిప్పుతున్నంతసేపూ శుభ్రంగా వినిపించిన స్టేషను, చెయ్యి తీసి కుర్చీలో కూర్చోగానే మాయం! పలక వెనక లోహపు రేకు కొట్టడం, షాఫ్ట్ పొడుగ్గా పెట్టి నాబుని లోపలి సామానుకి దూరంగా ఉంచడం ఆ రోజుల్లో కనిపెట్టిన ఉపాయాలు.

*

చిన్న లెక్క. మామూలు వాల్యూమ్ కంట్రోల్ ఈ చివరి నుంచి ఆ చివరికి సుమారు 300 డిగ్రీలు తిరుగుతుంది. 20 మి.మీ. నాబు అంచు మీద వేలు అంతదాకా నడిచే దూరం 52 మి.మీ. నాబు 60 మి.మీ. అయితే అదే దూరం 157 మి.మీ. అర్ధరాత్రి ఇంట్లోవాళ్లు లేవకుండా పాట వినాలనుకునేవాళ్లకి ఈ తేడా విలువ తెలుస్తుంది.

అయితే అన్నిటికీ నాబే మందు కాదు. ఆసియా తయారీ కంట్రోళ్ల మీద 'ఏ' అని ఉంటే లాగ్ రకం, 'బి' అని ఉంటే లీనియర్ రకం. వాల్యూమ్‌కి వాడాల్సింది మొదటిది. రెండోది పెడితే కొద్దిగా తిప్పగానే శబ్దం మీద పడుతుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా పెద్దగా తేడా ఉండదు. ఆ తప్పుని ఎంత పెద్ద నాబూ దిద్దలేదు.

*

నాబుల చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చింది అమెరికాలోని నేషనల్ కంపెనీ 1930ల నడిమిలో తెచ్చిన హెచ్ఆర్ఓ రిసీవర్ డయలు. నల్లటి పెద్ద నాబు, దాని చుట్టూ చిన్న కిటికీలు, కిటికీల్లో అంకెలు. నాబు తిరిగే కొద్దీ లోపల ఇంకో చక్రం కొంచెం తేడా వేగంతో తిరిగి కిటికీల్లోని అంకెల్ని మార్చేస్తుంది. పది పూర్తి చుట్లు తిప్పితే సున్నా నుంచి 500 దాకా చదవొచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుల మోర్స్ సందేశాలు వినడానికి బ్రిటన్ ఈ రిసీవర్లను వాడుకుంది. ఇంట్లో తయారుచేద్దామని మాత్రం దాని జోలికి పోకండి, అది గడియారం పనివాళ్ల వ్యవహారం.

ఇంత హంగామా లేకుండా అదే సుఖం ఇచ్చింది హెన్రీ క్లాస్ రూపొందించిన టివోలీ మోడల్ వన్ రేడియో. 2000లో వచ్చింది. ముందువైపు పెద్ద గుండ్రటి డయలు, వెనక 5:1 గేరు. ఐదు పాళ్లు తిప్పితే లోపల కదిలేది ఒక పాలు.

*

పాత వాల్వ్ రేడియోల్లో ఏసీ/డీసీ రకం అని ఉండేవి. వాటిలో కరెంటుని వేరుచేసే ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఛాసిస్ నేరుగా మెయిన్స్‌లో ఒక తీగకి కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగబడితే ఛాసిస్ మొత్తం కరెంటే, దానికి బిగించిన షాఫ్ట్ కూడా కరెంటే! అందుకే నాబుల్ని బేకలైట్ లాంటి కరెంటు పారని సరుకుతో చేసేవారు. షాఫ్ట్‌ని పట్టుకునే మరని లోతుగా దించి, ఆ రంధ్రాన్ని మైనంతో పూడ్చేవారు. పాత సెట్టు నాబు మీద మైనం కనపడితే మురికి అనుకుని గీకెయ్యకండి.

ఇప్పటి డబ్బాల్లో ప్రాణాపాయం లేకపోయినా చిన్న గొడవ ఒకటుంది. పెద్ద లోహపు నాబు పెట్టి, కంట్రోల్ ఒంటిని ఛాసిస్‌కి ఎర్త్ చెయ్యకుండా వదిలేస్తే, నాబు ముట్టుకున్నప్పుడల్లా స్పీకర్లో గుంయ్‌మంటుంది. ఒక్క తీగ ముక్క కలిపితే పోతుంది.

*

1950ల ఫెండర్ గిటారు ఆంప్లిఫైయర్లలో కోడి తల ఆకారపు నాబులు 12 దాకా వెళ్లేవి. 1984లో వచ్చిన 'దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్' అనే హాస్య చిత్రంలో మాత్రం ఒక గిటారిస్టు తన ఆంప్లిఫైయర్ 11 దాకా వెళ్తుందని గొప్పలు పోతాడు. పాపం, పాత ఫెండర్ చూడలేదు కాబోలు. తర్వాత మార్షల్ కంపెనీ 20 దాకా అంకెలున్న ఆంప్లిఫైయర్ తెచ్చింది. బీబీసీ ఐప్లేయర్ వాల్యూమ్‌ని 11 దాకా పెట్టడం ఆ సినిమా పుణ్యమే.

*

రికార్డింగ్ స్టూడియోల్లో శబ్దం హెచ్చుతగ్గుల్ని అదుపుచేసే పెట్టెల్లో పేరు మోసిన ఎల్ఏ-2ఏ కంప్రెసర్ ముందు పలక మీద ప్రధానంగా ఉండేవి రెండే రెండు పెద్ద నాబులు. 1960లలో వచ్చిన ఆ పెట్టెకి ఇప్పటికీ నకళ్లు తయారవుతున్నాయి.

*

ఇక సంపాదించే దారులు. అన్నిటికన్నా ముందు షాఫ్ట్ కొలవండి. లోకంలో రెండు కొలతలు కలిసి తిరుగుతున్నాయి: 6 మి.మీ. ఒకటి, పావు అంగుళం, అంటే 6.35 మి.మీ., ఇంకొకటి. ఆరు మి.మీ. నాబు పావు అంగుళం షాఫ్ట్‌కి ఎక్కదు. పావు అంగుళం నాబు ఆరు మి.మీ. షాఫ్ట్‌కి ఎక్కుతుంది గానీ తిరిగేటప్పుడు ఊగుతుంది. నాబు పెద్దదైన కొద్దీ ఆ ఊగుడు కొట్టొచ్చినట్టు కనపడుతుంది. కూల్‌డ్రింక్ డబ్బా రేకు సన్నగా కత్తిరించి షాఫ్ట్‌కి ఒక చుట్టు చుడితే సర్దుకుంటుంది. పళ్లున్న షాఫ్ట్ అయితే 18 పళ్లా 24 పళ్లా అన్నది కూడా చూసుకోవాలి, ఒకదాని నాబు ఇంకోదానికి సరిగ్గా కూర్చోదు.

*

గ్యాస్ పొయ్యి నాబులు చేతికి బాగుంటాయి, చవక కూడా. డీ ఆకారపు షాఫ్ట్‌కి సరిపోయేవి కొన్ని ఉంటాయి. కాకపోతే పొయ్యి ఎడమవైపు తిప్పితే వెలుగుతుంది, ఆంప్లిఫైయర్ కుడివైపు తిప్పితే పెరుగుతుంది. అంకెలన్నీ తారుమారు. పైగా పొయ్యిలో 'హై' దాటాక 'సిమ్' వస్తుంది. అచ్చులు గీకేసి వాడుకోవడమే మేలు.

*

చెక్క నాబుకి ఖర్చు లేని ఉపాయం వడ్రంగి దగ్గరే ఉంది. తలుపుకి గుండ్రటి రంధ్రం కోసే హోల్ సా మధ్యలో ఉండే డ్రిల్లు చాలావాటిలో పావు అంగుళమే. కోశాక లోపల ఇరుక్కుని బయటపడే గుండ్రటి ముక్కని మనం పారేస్తాం. కానీ అది అచ్చంగా నాబే! సరిగ్గా నడిమధ్యన షాఫ్ట్‌కి పట్టే రంధ్రం కూడా ఉంటుంది. 64 మి.మీ. రంధ్రం కోస్తే నాలుగైదు మి.మీ. తగ్గి ముక్క వస్తుంది. రెండు ముక్కలు అతికించి, బోల్టు దూర్చి, డ్రిల్లింగ్ మిషన్‌కి పట్టించి తిప్పుతూ గరుకు కాగితం ఆనిస్తే అంచు నున్నబడుతుంది. చెక్కలో మర నిలవదు గనక, వెనక గుంట తొలిచి మామూలు చిన్న నాబు ఒకదాన్ని ఎపాక్సీతో అందులో కూర్చోబెట్టాలి. బయట చెక్క, లోపల కొట్లో నాబు. ఎవరికీ తెలియదు.

*

లేత్ మీద తిప్పి లక్క పూయడంలో మనవాళ్లని మించినవాళ్లు తక్కువ. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకలో మెత్తటి అంకుడు కర్రని తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి చెక్కకి పడుతుంది. మొగలి ఆకుతో అదిమి నునుపు తెస్తారు. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాబు కూడా గుండ్రంగా తిప్పి తీసే వస్తువే కదా. లక్క రంగు వాల్యూమ్ నాబు ఉన్న ఆంప్లిఫైయర్‌ని ఏ విదేశీ బ్రాండూ ఇవ్వలేదు. ఆ ఊరివైపు వెళ్తే ఒకటి చేయించి చూడండి.

*

ఖరీదైన నాబుకి దీటైనది పాత వీసీఆర్‌లో దాక్కుని ఉంటుంది. టేపు చుట్టుకుని తిరిగే వీహెచ్ఎస్ హెడ్ డ్రమ్ 62 మి.మీ. వెడల్పు, చాలా కచ్చితంగా చెక్కిన అల్యూమినియం. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో అది నిమిషానికి 1500 సార్లు తిరగాలి, అందుకని లోపల నాణ్యమైన బేరింగులు ఉంటాయి. ఒక్కసారి వేలితో తోస్తే చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. అందుకే సెన్సర్ జోడించి కంప్యూటర్ వాల్యూమ్‌కి, హామ్ రేడియో ట్యూనింగ్‌కి వాడుకునేవాళ్లు ఉన్నారు. మామూలు వాల్యూమ్ కంట్రోల్‌కి మాత్రం ఇంత బరువు వద్దు. పెద్ద నాబుతో చివర గట్టిగా తిప్పితే లోపలి అడ్డు విరుగుతుంది.

*

నాబుని షాఫ్ట్‌కి పట్టించే మరలు ఒకటికి రెండు పెట్టండి, ఎదురెదురుగా కాదు, ఒకదానికొకటి 90 డిగ్రీల్లో. ఎదురెదురుగా ఉంటే రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి, నాబు పక్కలకి ఆడుతూనే ఉంటుంది. ఎం3 మర అయితే 1.5 మి.మీ. అలెన్ కీ, ఎం4 అయితే 2 మి.మీ. కావాలి.

పాడైన వీసీఆర్ ఇంట్లో ఇంకా ఉంటే, పాత సామాన్లవాడికి తూకానికి వేసే ముందు ఆ డ్రమ్ ఒకటి ఊడదీసి పక్కన పెట్టుకోండి.