చలికి ముద్దకట్టే నెత్తురు

రక్తపరీక్ష మిషన్ ఒక్కోసారి నమ్మలేని లెక్క చెబుతుంది. హిమోగ్లోబిన్ 9 ఉన్న మనిషికి ఎర్రకణాలు మైక్రోలీటరుకు సుమారు 30 లక్షలు ఉండాలి. మిషన్ 10 లక్షలే అంటుంది. అనుభవమున్న టెక్నీషియన్ మిషన్ పాడైందనుకోడు. ట్యూబును వెలుతురుకు పట్టి చూస్తాడు. గోడ వెంట ఎర్రటి రవ్వలు కనిపిస్తాయి. దాన్ని 37 డిగ్రీల వేడిలో కాసేపు ఉంచి మళ్లీ పెడితే లెక్క సరిపోతుంది. కణాలు ఎక్కడికీ పోలేదు. గది చల్లదనానికి గుత్తులుగా అతుక్కున్నాయి, అంతే.

ఆ ట్యూబు పది పదిహేను రోజుల కిందట జ్వరం, గొంతునొప్పితో మంచమెక్కి లేచిన పాతికేళ్ల కుర్రాడిది కావచ్చు. అంతకుముందు ఏ రోగమూ లేదు. జ్వరం తగ్గింది గానీ నాలుగు మెట్లెక్కితే ఆయాసం. కళ్లు పచ్చబడ్డాయి. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తోంది. మన ఊళ్లలో ఈ గుర్తులు చూడగానే పచ్చకామెర్లని తేల్చేసి పసరు మందుకు తీసుకెళతారు, పథ్యం పెడతారు. కామెర్లు నిజమే. కానీ ఇక్కడ తప్పు కాలేయానిది కాదు. చితికిపోయిన ఎర్రకణాల్లోంచి వచ్చే పచ్చరంగును కాలేయం ఎత్తిపోయలేకపోతోంది.

ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు. దాన్ని ముందే చంపేవి చాలా ఉన్నాయి. ఒంట్లోని యాంటీబాడీలే చంపితే ఆ జబ్బును ఆటోఇమ్యూన్ హిమోలిటిక్ అనీమియా అంటారు. ఏటా లక్షమందిలో ఒకరి నుంచి ముగ్గురికి వచ్చే అరుదైన జబ్బిది. చాలామందిలో వెనుక లూపసో, లింఫోమానో ఉంటుంది. కొందరిలో ఏ కారణమూ దొరకదు. ఆరోగ్యంగా తిరిగే మనిషికి ఉన్నట్టుండి వస్తే మాత్రం డాక్టర్లు ఈమధ్య ఏ జ్వరమైనా వచ్చిందా అని తప్పకుండా అడుగుతారు.

ఒళ్లు తన రక్తాన్ని తానే చంపుకుంటుందంటే ఒకప్పుడు శాస్త్రవేత్తలే ఒప్పుకోలేదు. 1900 ప్రాంతంలో జర్మనీలో పాల్ ఎర్లిచ్ మేకలకు వేరే మేకల రక్తం ఎక్కించి చూశాడు. పరాయి మేకల కణాలను చంపే పదార్థం పుట్టింది గానీ, ఏ మేకా తన సొంత కణాలను చంపుకోలేదు. ప్రకృతి అలాంటి పని చేయదని ఆయన తీర్మానించాడు. తమాషా ఏమిటంటే, అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1881లో, చలికి మూత్రం ఎర్రబడే ఒక రోగి వేలికి కట్టు కట్టి ఐసు నీళ్లలో ముంచి చూసినవాడూ ఆయనే. ఆ వేలి రక్తంలో ఎర్రకణాలు చితికిపోయాయి. సాక్ష్యం చేతికందినా దాని అర్థం అందలేదు. 1904లో వియన్నాలో డోనాత్, లాండ్‌స్టైనర్ ఆ జబ్బుకు కారణం రోగి సొంత యాంటీబాడీయేనని చూపించారు. రక్తం గ్రూపులు కనిపెట్టిన లాండ్‌స్టైనరే ఈయన. అప్పట్లో ఆ జబ్బు ఎక్కువగా సిఫిలిస్ ఉన్నవాళ్లకు వచ్చేది. ఇప్పుడు అరుదుగా కనిపించినా, వైరస్ జ్వరం వచ్చి తగ్గిన చిన్నపిల్లల్లోనే ఎక్కువ.

పెద్దవాళ్లలో మొదట అనుమానించాల్సిన వైరస్‌లలో ఎప్‌స్టైన్-బార్ ఒకటి. 1964లో బయటపడిన ఈ వైరస్ ఎంగిలితో అంటుతుంది. ఇంట్లో ఎంగిలి పట్టింపు ఎంత ఉన్నా మన దేశంలో చాలామందికి పసితనంలోనే సోకి, తెలియకుండా పోతుంది. అప్పుడు తప్పించుకుని యుక్తవయసులో చిక్కినవాళ్లకే గొంతు, మెడ గ్రంథులు వాచి జబ్బు చేస్తుంది. వైరస్ తన కాపురానికి ఎంచుకునేది యాంటీబాడీలు తయారుచేసే బి కణాలనే. అది లోపలికి దూరాక ఆ కణాలు అడిగినవీ అడగనివీ అన్నీ తయారుచేస్తాయి. ఈ రోగుల సీరం గొర్రె ఎర్రకణాలను గుత్తికట్టిస్తుందని 1932లోనే పాల్, బన్నెల్ అనే అమెరికన్ డాక్టర్లు గమనించారు. గొర్రె రక్తంతో ఆ రోగికి ఏం పని? ఏమీ లేదు. అలాంటి పనికిరాని సరుకులోనే మన ఎర్రకణాల మీది ‘ఐ’ అనే గుర్తుకు అంటుకునే యాంటీబాడీ కూడా ఒకటి. ఆ గుర్తు పుట్టిన బిడ్డ కణాల మీద నిండుగా ఉండి, రెండేళ్లు వచ్చేసరికి చాలావరకు చెరిగిపోతుంది. పెద్దవాళ్ల కణాల మీద పట్టుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. అందుకే ఈ యాంటీబాడీ తయారైన చాలామందికి రక్తం తగ్గదు. కొద్దిమందికే తగ్గుతుంది.

ఆ కొద్దిమందిలో జరిగేది ఇది. వేళ్ల కొసలు, చెవులు, ముక్కు మిగతా ఒంటికన్నా చల్లగా ఉంటాయి. రక్తం అక్కడికి చేరినప్పుడు యాంటీబాడీ ఎర్రకణాన్ని పట్టుకుని, దాని మీద కాంప్లిమెంట్ అనే ప్రొటీన్‌ను అంటిస్తుంది. రక్తం తిరిగి వెచ్చటి చోటికి రాగానే యాంటీబాడీ ఊడిపోతుంది. కాంప్లిమెంట్ మచ్చ మాత్రం ఉండిపోతుంది. ఆ మచ్చను చూసి కాలేయంలోని భక్షక కణాలు ఎర్రకణాన్ని మింగేస్తాయి. ఇది ‘చల్లని’ రకం. ‘వెచ్చని’ రకం వేరు. ఎక్కువమందికి వచ్చేది అదే. అందులో యాంటీబాడీకి చలి అక్కర్లేదు. ప్లీహంలోని కణాలు ఎర్రకణాన్ని కొంచెం కొంచెం కొరికి వదులుతాయి. పలకలా ఉండాల్సింది గోళీలా మారుతుంది. హెచ్ఐవీ, హెపటైటిస్ సీ, సైటోమెగలో వైరస్‌ల తర్వాత కూడా ఎర్రకణాల మీద యాంటీబాడీలు పుట్టవచ్చు. 2020లో ఫ్రాన్స్, బెల్జియం డాక్టర్లు ఏడుగురు కోవిడ్ రోగుల్లో ఈ జబ్బును నమోదు చేశారు. కొందరిలో వెచ్చని రకం, కొందరిలో చల్లని రకం. వాళ్లలో కొందరికి లింఫ్ కణాల క్యాన్సర్ కూడా ఉంది. కాబట్టి వైరస్ దొరికిందని వెతకడం ఆపేయకూడదు.

ఇది యాంటీబాడీల పనో కాదో తేల్చేది కూంబ్స్ పరీక్ష. దాన్ని కనిపెట్టిన రాబిన్ కూంబ్స్ చదివింది పశువైద్యం. లండన్ నుంచి కేంబ్రిడ్జికి రాత్రి రైల్లో వెళుతుండగా తట్టిన ఆలోచన 1945లో మోరాంట్, రేస్‌లతో కలిసి రాసిన వ్యాసమైంది. మనిషి యాంటీబాడీలను పట్టే సీరాన్ని కుందేలులో తయారుచేసి, రోగి ఎర్రకణాల మీద వేయడమే పని. కణాల మీద ఏదైనా అంటుకుని ఉంటే అవి గుత్తికడతాయి. హెపటైటిస్ ఏ, ఈ వచ్చినవాళ్లలో జీసిక్స్‌పీడీ అనే ఎంజైమ్ లోపం ఉంటే కూడా ఎర్రకణాలు చితికిపోతాయి. అక్కడ కూంబ్స్ నెగెటివ్. చూడటానికి ఒకటే జబ్బులా ఉన్నా వైద్యం పూర్తిగా వేరు.

వెచ్చని రకానికి ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ బాగా పనిచేస్తుంది. చల్లని రకానికి అంతగా కాదు. వైరస్ తర్వాత వచ్చిన చల్లని రకం సాధారణంగా కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. అందాకా ఫోలిక్ యాసిడ్ బిళ్ల, సాక్సులు, చేతి తొడుగులు, ఏసీకి దూరం. ఫ్రిజ్ నీళ్లతో ముఖం కడుక్కోవడం లాంటివి వద్దంటారు. హిమోగ్లోబిన్ మరీ పడిపోతే రక్తం ఎక్కించక తప్పదు. ఏ బ్యాగులోని రక్తమూ రోగి రక్తంతో కలవనట్టే కనిపించి బ్లడ్ బ్యాంకువాళ్లు గంటల తరబడి తంటాలు పడతారు. దొరికిన రక్తాన్ని వార్మర్‌లోంచి పంపి ఎక్కిస్తారు. పరీక్షకు తీసే రక్తం కూడా దారిలో చల్లబడకూడదు. అందుకే వార్డు నుంచి ల్యాబ్‌కు ఆ ట్యూబును గోరువెచ్చని నీళ్లు పోసిన థర్మాస్ ఫ్లాస్క్‌లో పెట్టి పంపుతుంటారు.