మూలబడిన టెలివిజను

మన పూర్వుల ఇండ్లలో ప్రతి వస్తువునకును దాని ముగింపు ముందుగనే తెలిసియుండెడిది. పగిలిన కుండపెంకు పెంటకుప్ప చేరి మట్టిలో కలసిపోవును. చిల్లుపడిన ఇత్తడి బిందెను కంచరికిచ్చి చెంబు చేయించుకొందురు. చినిగిన చీర బొంత యగును. విరిగిన నాగలి పొయ్యిలోనికి పోవును. ఏ వస్తువు ఎచ్చటికి పోవలెనో ఇంటి ముసలమ్మ నడిగిన చెప్పగలదు. కాని గత యాబది ఏండ్లలో మన గడపలు దాటి లోనికి వచ్చిన కొన్ని వస్తువుల కడపటి ప్రయాణమును గూర్చి మనకెవ్వరును నేర్పలేదు. వానిలో బరువైనది, అపాయకరమైనది పాత టెలివిజను పెట్టె.

మన దేశమున టెలివిజను ప్రసారములు 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకముగా మొదలైనవి. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఒక అమెరికా ఉపగ్రహము సాయమున జరిగిన ‘సైట్’ ప్రయోగములో ఆరు రాష్ట్రములకు చెందిన సుమారు 2400 గ్రామములకు కార్యక్రమములు అందినవి. ఆంధ్రప్రదేశ్ పల్లెలును అందు కలవు. ఉదయము బడిపిల్లలకు పాఠములు, సాయంకాలము పెద్దలకు సేద్యము, ఆరోగ్యము మున్నగు విషయములు చూపెడివారు. 1977లో హైదరాబాదు కేంద్రము వచ్చినది. 1982లో రంగుల ప్రసారములు వచ్చినవి. పిమ్మట ఊరూర ఆ పెట్టెలు వెలసినవి. ఇప్పుడు పలుచని తెరలు గోడల నలంకరింపగా, ఆ పెట్టెలు అటకలమీదికి, వసారాల మూలలకు, బడులలోని సామాను గదులకు చేరినవి. వీనిని ఏమి చేయవలె ననునదే ప్రశ్న.

సమాధానము తెలియుటకు ముందు పెట్టెలో నేమున్నదో తెలియవలెను. దానికి గుండెకాయ పిక్చర్ ట్యూబు. 1897లో జర్మను శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ నిర్మించిన కాథోడ్ కిరణ నాళికయే దీనికి మూలపురుషుడు. గాలిని తీసివేసిన పెద్ద గాజుబుడ్డి అది. దాని మెడలో నున్న ఎలక్ట్రాను తుపాకి నుండి వెలువడిన ఎలక్ట్రానులు వేల వోల్టుల ఒత్తిడితో పరుగెత్తి తెరవెనుక పూసిన పొడిని తాకును. ఆ పొడి మెరయుటయే మనము చూచు బొమ్మ. రంగుల టెలివిజనులో ఆ ఒత్తిడి ఇరువది వేల వోల్టులకు మించియుండును. అంత వేగముతో ఎలక్ట్రానులు ఢీకొన్నపుడు కొంత ఎక్సురేల కిరణము కూడ పుట్టును. అది బయటికి రాకుండ గాజులో సీసపు ఆక్సైడును కలిపిరి. నాళికకు వెనుకభాగమైన గరాటు వంటి గాజులో బరువున ఇంచుమించు అయిదవ వంతు అదియే. నాళిక పరిమాణమును బట్టి ఒక్కొక్క పెట్టెలో ఒక కిలో నుండి మూడు కిలోల వరకు సీసముండును.

విద్యార్థులు ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. ఆ సీసమును గాజులో కలిపినది తెరముందు కూర్చుండు మనుష్యుల రక్షణకొఱకు. నాళిక చెక్కుచెదరక యున్నంతకాలము అది గాజులో బందీయై యుండును. ఎవరికిని కీడు చేయదు. గాజు పగిలి పొడియైనపుడును, ఆ పొడి చెత్తకుప్పలో ఆమ్లములు గల నీటిలో నానినపుడును సీసము బయటపడి మట్టిలోనికి, నీటిలోనికి చేరును. రక్షకుడే భక్షకు డగుట యన నిదియే.

సీసము శరీరమున ప్రవేశించిన దానికి కాల్షియమునకు భేదము తెలియక శరీరము దానిని ఎముకలలో దాచుకొనును. పెద్దలకంటె పిల్లలకు దానివలన హాని ఎక్కువ. ఎదుగుచున్న మెదడును అది దెబ్బతీయును. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత తగ్గును. రక్తములో ఇంత సీసమున్నను ఫరవాలేదని చెప్పదగిన పరిమితి ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. తరగతిలో మందమతి యని మనము విసుగుకొను బాలునిలో అట్టి దురదృష్టవంతుడు ఉండవచ్చునని ఉపాధ్యాయులు ఒక క్షణ మాలోచింతురు గాక.

ఇక పెట్టెను పాత ఇనుప సామాను కొనువాని కమ్మిన నేమగును? అతడు కట్టలు విప్పి, మెడను విరుగగొట్టి, దానిచుట్టునున్న రాగితీగ చుట్టను తీసికొనును. తీగల పై తొడుగు పోవుటకు వానిని మంటలో వేయుదురు. ఆ ప్లాస్టిక్ కాలిన పొగలో డయాక్సినుల వంటి విషములుండును. మిగిలిన పలకలలోని టంకమున సీసము, తగరము కలవు. రాగి, ఇనుము, ప్లాస్టిక్ అమ్ముడుపోవును. గాజు మాత్రము ఏ కాలువగట్టునో పడియుండును. ఢిల్లీలోని సీలంపూర్, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాదు ఇట్టి పనులకు పేరుపడినవి. ఈ పనివారిని నిందించుట తగదు. వారు పొట్టకూటికై మన చెత్తను తమ ఊపిరితిత్తులలో మోయుచున్నారు. వారి పిల్లలును మన పిల్లలవలె బడికి పోవలసినవారే.

ఆ గాజు ఎవరికిని ఏల అక్కరలేదు? పూర్వము పాత నాళికల గాజును కరగించి క్రొత్త నాళికలను చేసెడివారు. ఇప్పుడు క్రొత్త నాళికల కొనుగోలుదారులే లేరు. సీసము తీయు కొలుములలో కొంత గాజును వాడవచ్చును గాని అందుకు వ్యయము ఎక్కువ. ధనికదేశమైన అమెరికాలో సయితము ఒహాయో రాష్ట్రపు కొలంబస్ నగరమున ఒక సంస్థ వేలకొలది టన్నుల గాజును గిడ్డంగులలో వదలి పోయినది. తీసికొనిపోయినంత మాత్రమున పని ముగిసినట్లు కాదని దీనివలన తేలుచున్నది. 2022లో ప్రపంచమంతట పుట్టిన విద్యుత్ పరికరముల చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులనియు, అందు నాలుగవ వంతుకు కూడ లెక్క ప్రకారము సేకరణ జరుగలేదనియు ఐక్యరాజ్యసమితి నివేదిక తెలుపుచున్నది.

మన దేశమున ఇందుకు చట్టము లేకపోలేదు. 2011లో తొలి నిబంధనలు వెలువడి 2012 మే 1 నుండి అమలైనవి. 2016లోను, 2022లోను వానిని మార్చి వ్రాసిరి. కడపటివి 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. వస్తువును తయారుచేసి అమ్మినవాడే దాని చివరి గతికిని బాధ్యుడనుట వీని సారాంశము. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదైన సంస్థలే ఈ చెత్తను శుద్ధిచేయవలెను.

గృహస్థు చేయదగిన పనులు ఇవి. పెట్టె పనిచేయుచున్న యెడల మొదట అవసరమైన వారికి ఇచ్చుట ఉత్తమము. చిన్న మరమ్మతుతో బాగగునేమో మెకానిక్ నడుగవలెను. పనికిరానిదైన, తయారుచేసిన సంస్థ సేకరణ కేంద్రమునకు గాని, నమోదైన సంస్థకు గాని అప్పగింపవలెను. క్రొత్తది కొనునపుడు పాతదానిని మార్పిడిలో తీసికొను దుకాణము వారిని, ‘దీనిని ఎవరికి పంపుదురు?’ అని అడుగుట కొనుగోలుదారుని హక్కు. ఎట్టి పరిస్థితిలోను మూత విప్పరాదు. విద్యుత్తు ఆపిన తరువాత కూడ నాళికలో కొంతకాలము అధిక విద్యుత్తు నిలిచియుండును. లోపల గాలి లేనందున దెబ్బతగిలిన గాజు పెంకులై ఎగిరిపడును. మోయునపుడు తెరభాగమును రొమ్మువైపునకు త్రిప్పుకొని ఇద్దరు పట్టవలెను. పొరపాటున పగిలినచో పిల్లలను దూరముగ నుంచి, పొడి చీపురుతో ఊడ్వక, తడిగుడ్డతో ఎత్తి మూటకట్టి వేరుగ నుంచవలెను. పలుచని తెరలన్నియు నిర్దోషులని తలపరాదు. మొదటి ఎల్.సి.డి. తెరల వెనుక వెలుగు చిన్న దీపగొట్టములలో పాదరసము కలదు.

చిన్న ఊళ్లలో సేకరణ కేంద్రము దూరమున నుండవచ్చును. అట్టియెడ తొందరపడి ఎవరికో ఒకరికి ఇచ్చుటకంటె, పొడిచోట చెక్కుచెదరకుండ ఉంచి, పది ఇండ్ల పెట్టెలు చేరినపుడు ఒకేసారి పంపుట మేలు. ఇందుకు బడియే తగిన కేంద్రము. ఉపాధ్యాయుని పర్యవేక్షణమున విద్యార్థులు వీధివీధి తిరిగి ఎన్ని పాత పెట్టెలున్నవో లెక్క వ్రాయవచ్చును. ఆ లెక్కతో మున్సిపాలిటీ వారినో పంచాయతీ వారినో అడిగిన, వారు బండి పంపుట సులభము. బడిలో మూలబడిన సామానును వేలము వేయునపుడు ఎక్కువ ధర పాడినవానికే ఇచ్చుట ఆచారము. టెలివిజనుల విషయమున మాత్రము నమోదైన సంస్థలనే పాటకు పిలువవలెనని ప్రధానోపాధ్యాయులు పట్టుపట్టవలెను.

అసలు చిక్కు ధరలోనే యున్నది. పాత సామానువాడు గుమ్మములోనే నాలుగు డబ్బులు చేతిలో పెట్టును. నమోదైన సంస్థ అంతకంటె తక్కువ ఇచ్చును. ఒక్కొక్కప్పుడు ఏమియు ఇయ్యదు. ఆ వ్యత్యాసము మనకు లాభముగ కనబడును. కాని ఆ లాభమునకు మూల్యము చెల్లించువాడు మన కంటికి కనబడని ఏ పేటలోనో పగిలిన గాజు ప్రక్కన ఆడుకొను పసివాడు. లెక్కల పుస్తకములో లేని ఈ లెక్కను పిల్లలకు నేర్పగలిగినవారు ఉపాధ్యాయులే.