నవ్వుచు ముందు నడచినవారు

అమరావతి స్తూపశిల్పములను శ్రద్ధతో చూచినవారికి ఒక చిన్న ముచ్చట జ్ఞాపకముండును. బుద్ధుని జీవితఘట్టములు, జాతకకథలు, పద్మములు, పూర్ణకుంభములు నిండిన ఆ గంభీరశిల్పముల నడుమ అక్కడక్కడ ఒక మరుగుజ్జు యక్షుడు కనబడును. పొట్టి కాళ్ళు, బానకడుపు, ఉబ్బిన చెక్కిళ్ళు. వానిని చూడగనే నవ్వు వచ్చును. శిల్పి ఆ నవ్వును పొరపాటున చెక్కలేదు. రెండువేల యేండ్ల క్రిందట కృష్ణయొడ్డున ఉలి పట్టిన ఆ మహనీయునికి భక్తికిని నవ్వునకును వైరము లేదని తెలియును.

నవ్వు ఒక గొప్ప కట్టడమునకు అలంకారము కాగలదని దీనివలన స్పష్టము. అయితే నవ్వు ఒక కట్టడమునకు పునాది కాగలదా? కళలో ఒక క్రొత్త మార్గమును నవ్వుతోనే స్థాపింపవచ్చునా? ఇరవయ్యవ శతాబ్దిలో స్పెయిన్ దేశమున కొందరును, మన తెలుగునాట ఒకరును ఈ ప్రయత్నము చేసిరి. వీరిలో ఒకరిని చూచి ఇంకొకరు నేర్చుకొనిరని మేము చెప్పబోము. రెండు ప్రయత్నములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో నవ్వును గూర్చి మనకొక సత్యము బోధపడునని మాత్రమే మా ఆశ.

ముందుగా ఒక మాట. కళలను గూర్చిన చర్చలలో ‘అవాంగార్డ్’ అను ఫ్రెంచి పదము తరచుగా వినబడును. సైన్యమునకు ముందు నడచు దళమని దాని మూలార్థము. దారి చూచుట, శత్రువును పసికట్టుట, మొదటి దెబ్బ తినుట ఆ దళము పనులు. 1909లో ఇటలీ కవి మారినెట్టి ‘ఫ్యూచరిజము’ను ప్రకటించెను. 1916లో జూరిచ్ నగరమున ‘దాదా’ పుట్టెను. 1924లో పారిస్ నుండి ఆంద్రే బ్రెతాఁ ‘సర్రియలిజము’ ప్రకటనను వెలువరించెను. ఇట్లు యూరపున ఇజము వెంట ఇజము బయలుదేరెను.

స్పెయిన్ వారి దారి కొంత వేరు. వారికి హాస్యము పరాయి సరకు కాదు. 1605లో ఒక భాగము, 1615లో రెండవ భాగము ప్రకటించి సెర్వాంతెస్ మహాకవి వారికి డాన్ కిహోటీని ప్రసాదించెను. గాలిమరలను రాక్షసులనుకొని ఈటెతో పొడువబోయిన ఆ వీరుని చూచి ప్రపంచమంతయు నవ్వినది. నవ్వి, నవ్వి, చివరకు వానిపై జాలిపడినది. 1799లో గోయా చిత్రకారుడు ‘కాప్రిచోస్’ అను పేర 80 ముద్రాచిత్రములలో తన కాలపు మూఢత్వమును వెక్కిరించెను. అచ్చటి నవ్వులో ఎప్పుడును కొంచెము చేదు, కొంచెము కన్నీరు కలసియుండును.

ఆ వారసత్వమును క్రొత్తతరమునకు అందించినవాడు రమోన్ గోమెస్ దె లా సెర్నా. 1888లో మాడ్రిడ్‌లో పుట్టిన ఈయన ‘గ్రెగెరియా’ అను చిన్న రచనాప్రక్రియను కల్పించెను. అది ఒక వాక్యము, మహా అయిన రెండు. దానికి ఆయన చెప్పిన సూత్రము మిక్కిలి సులభము: హాస్యమును రూపకమును కూడినచో గ్రెగెరియా యగును. మన అలంకారికులు రసములలో హాస్యమును వేరుగను, అలంకారములలో రూపకమును వేరుగను లెక్కించిరి. ఆయన రెంటిని ఒక్క చిటికెలో కలిపెను. ప్రతి శనివారము రాత్రి మాడ్రిడ్‌లోని పోంబో అను కాఫీ హోటలులో మిత్రులను చేర్చి గోష్ఠి జరపుచుండెను. ఆ హోటలుగదికి ఆయన పెట్టిన పేరు ‘పవిత్ర భూగృహము’! సర్కసులో ఉయ్యాలబల్లపై కూర్చుండి ఒకసారి, ఏనుగుపై కూర్చుండి మరియొకసారి ఉపన్యసించిన సాహిత్యవేత్త లోకమున ఇంకొకడున్నట్లు మేమెరుగము.

రేడియో గృహస్థులకు ఆయన మరియొక విధముగా ఆత్మీయుడు. 1930 ప్రాంతమున మాడ్రిడ్‌లోని ‘యూనియన్ రేడియో’ వారు ఆయన ఇంటిలోనే మైక్రోఫోను అమర్చిరి. ఆయన తన వ్రాతబల్ల ముందు కూర్చుండి, తోచినప్పుడు దేశముతో ముచ్చటించుచుండెను. ఒక చిన్న చమత్కారవాక్యము అచ్చులోకంటె చెవిలో ఎక్కువ మెరయునని అందరికంటె ముందు గ్రహించినవారిలో ఆయన ఒకడు.

అదే కాలమున, 1923లో, తరువాత చలనచిత్ర దర్శకుడుగా విఖ్యాతుడైన లూయీస్ బున్యుయెల్ తన మిత్రులతో కలసి ‘తొలేదో వీరసంఘము’ను స్థాపించెను. ఇది పూర్వకాలపు వీరయోధుల సంఘములకు హాస్యానుకరణ. బున్యుయెల్ తనకు తానే దండనాయక పదవి నిచ్చుకొనెను. లోర్కా కవి, సాల్వడార్ డాలీ చిత్రకారుడు అందులో సభ్యులు. తొలేదో అను ప్రాచీననగరమును నిష్కారణముగా ప్రేమింపవలెను, రాత్రియంతయు నిద్రింపక దాని సందులలో తిరుగవలెను: వీరపదవికి కావలసిన అర్హతలివి. పైకి చూచుటకు ఆకతాయి పని. కాని ప్రాచీననగరముపై ప్రేమ లేనివానికి అందులో చోటు లేదు. ఈ నియమమును శ్రోతలు గుర్తుంచుకొనవలెను.

1936లో అంతర్యుద్ధము వచ్చెను. లోర్కా ఆ సంవత్సరముననే హతుడయ్యెను. రమోన్ దేశము విడచి బ్వేనస్ ఐరిస్ చేరి, 1963లో అచ్చటనే కన్నుమూసెను. 1939లో యుద్ధము ముగిసి, జనరల్ ఫ్రాంకో నియంతృత్వము స్థిరపడెను. పత్రికలపై సెన్సారు కూర్చుండెను. దేశమున ఆకలి, భయము.

ఇట్టి సమయమున, 1945లో, మాడ్రిడ్‌లో ముగ్గురు మిత్రులు ఒక క్రొత్త ఉద్యమమును స్థాపించిరి. ఎదువార్దో చిచార్రో చిత్రకారుడును కవియును. కార్లోస్ ఎద్ముందో దె ఓరి కాదిస్ రేవుపట్టణమున 1923లో పుట్టిన యువకవి. మూడవవాడు ఇటలీ దేశస్థుడైన సిల్వానో సెర్నేసి. ఉద్యమమునకు వారు పెట్టిన పేరు ‘పోస్తిస్మో’. ఇజములన్నియు అయిపోయిన పిమ్మట వచ్చిన ఇజమని దాని అర్థము. పేరులోనే పరిహాసమున్నది చూడుడు! అందరును మాది మొదటిదని చాటుకొనుచుండగా వీరు మాది చిట్టచివరిదని చాటిరి.

ఆట, శబ్దమాధుర్యము, బుద్ధిపూర్వకముగా కల్పించుకొనిన పిచ్చి: ఇవి వారి ఆయుధములు. అర్థము శబ్దమును నడిపించుటకు బదులు శబ్దమే అర్థమును వెంటబెట్టుకొని పోవలెనని వారి తలపు. జనవరిలో ‘పోస్తిస్మో’ అను పత్రిక వచ్చెను. ఒక్క సంచికతో ఆగిపోయెను. ఏప్రిలులో ‘లా సెర్బతానా’ వచ్చెను. ఆ పేరునకు ఊదుగొట్టమని అర్థము. పిల్లలు గింజలు పెట్టి ఊదునట్టిది. అదియు ఒక్క సంచికయే. ఫిరంగులున్న ప్రభుత్వము ఊదుగొట్టమును సహింపలేకపోయెను. రాజకీయము ఒక్క ముక్కయైన మాటాడని వీరి కేరింత ఏలినవారికి అనుమానాస్పదమయ్యెను. అందరును ఒకే ముఖముతో నిలువవలసిన దేశమున ఒకడు కారణము లేకుండ నవ్వుట గొప్ప అవిధేయత గదా! ఉద్యమము అణగెను గాని విత్తనము చావలేదు. నాటకకర్త ఫెర్నాందో అర్రబాల్ మొదలగు తరువాతివారు ఆ నీడన ఎదిగినవారే.

ఇక మన వైపు వత్తము.

పోస్తిస్మోకు ఆరేండ్లు ముందు, 1939లో, ‘ఫిడేలు రాగాల డజన్’ అను చిన్నపుస్తకము తెలుగున వెలువడెను. కవి తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. నెల్లూరివాడు, 1919లో జన్మించినవాడు, శాంతినికేతనమున చదివినవాడు. అప్పటికి వయస్సు ఇరువది. తన పేరును సయితము ‘పఠాభి’ అని మార్చి ఆటపట్టించిన చమత్కారి. ‘మహాప్రస్థానము’ను 1950లో గాని పుస్తకముగా చూడని శ్రీశ్రీ ఈ గ్రంథమునకు ముందుమాట వ్రాసెను. దానికి ‘పీఠిక’ అని గాని ‘ఉపోద్ఘాతము’ అని గాని కాక ‘ఇంట్రో’ అని పేరిడెను.

పుస్తకము పేరును ఒక్కసారి విప్పి చూతము. ‘ఫిడేలు’ పాశ్చాత్యవాద్యము, ‘రాగము’ మనది, ‘డజన్’ అంగడిలో అరటిపండ్ల లెక్క. కావ్యమును సర్గలుగను ఆశ్వాసములుగను లెక్కించు దేశమున కవితలను డజను చొప్పున లెక్కించుట తుంటరితనము. కాని ఫిడేలు మాట అంత తేలిక కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఆ వాద్యమును కర్ణాటక సంగీతమునకు మచ్చిక చేసెను. 1939 నాటికి ద్వారం వేంకటస్వామినాయుడుగారి కమాను క్రింద అది అచ్చమైన తెలుగువాద్యమై పలుకుచుండెను. పరాయిదానిని తెచ్చి మన రాగము పలికింపవచ్చునను సంగతి ఆ పేరులోనే ధ్వనించుచున్నది.

అది భావకవిత్వము రాజ్యమేలుచున్న కాలము. ఊహాప్రేయసులు, విరహములు, వెన్నెలలు. పఠాభి ఆ ‘భావకవి’ పదమునకు ముందు రెండక్షరములు చేర్చి తాను ‘అహంభావకవి’నని ప్రకటించుకొనెను. ఛందస్సును వ్యాకరణమును కర్ర పుచ్చుకొని తరిమెదనని బెదిరించెను. మదరాసు నగరజీవితమును, ఇంగ్లీషు మాటలను, శ్లేషలను వచనపద్యములలో గ్రుమ్మరించెను. కొందరు కోపించిరి, కొందరు కుర్రచేష్టయని త్రోసివేసిరి, కొందరు మెచ్చిరి.

ఒక మార్గమును స్థాపింపవలెనన్న నాలుగు కావలెనని మాకు తోచును: పేరు, ఎదిరింపదగిన ప్రత్యర్థి, వేరూనుటకు నేల, తోడునడచు సహచరులు. మొదటి మూడును పఠాభికి కలవు. నాలుగవది లేదు. ఆయనను మెచ్చినవారు శ్రీశ్రీ వెంట గంభీరమైన దారి పట్టిరి. మన పల్నాటి సీమయే ఇందుకు సాక్ష్యము. 1944లో నరసరావుపేట యువకవులు కుందుర్తి ఆంజనేయులు, ఏల్చూరి సుబ్రహ్మణ్యము, బెల్లంకొండ రామదాసు గార్లు ‘నయాగరా’ సంపుటిని వెలువరించిరి. అది ఉరుము వంటి పుస్తకము. నవ్వు వంటిది కాదు. ఆ కుందుర్తిగారే 1958లో ‘ఫ్రీవర్స్ ఫ్రంట్’ స్థాపించి వచనకవితకు రాజమార్గము వేసిరి. వచనమునకు దారి దొరకెను, నవ్వు వెనుకబడెను. పఠాభి చలనచిత్రముల వైపు మరలెను. ఆయన తీసిన కన్నడచిత్రము ‘సంస్కార’ 1970 సంవత్సరపు ఉత్తమ భారతీయచిత్రముగా స్వర్ణకమలము నందుకొనెను. ‘కయిత నా దయిత’ అను కవితాసంపుటియు, ‘పఠాభి పన్‌చాంగం’ అను శ్లేషల మూటయు చాలకాలమునకు గాని రాలేదు. 2006లో ఆయన మరణించెను.

కాని నేల మాట చెప్పవలసియున్నది. పఠాభి నవ్వు ఆకాశము నుండి ఊడిపడినది కాదు. పల్నాటి రాళ్ళను, జొన్నకూటిని, నాగులేటి నీటిని వెక్కిరించు చాటువులు శ్రీనాథుని పేర ప్రసిద్ధములు. ఆ వెక్కిరింపును ఇంతకాలము కంఠస్థము చేసి కాపాడినవారెవరు? వెక్కిరింపబడిన పల్నాటివారే! తోలుబొమ్మలాటలో రామరావణయుద్ధము నడుమ కేతిగాడు దూరి అల్లరి చేయును. ప్రేక్షకులకు రామునిపై భక్తి తగ్గదు. చిరిగిన కోటు, పాతటోపీ, కొయ్యతుపాకి ధరించిన పిట్టలదొర వీధిలో నిలిచి లేని కోటలను, లేని జమీనులను వర్ణించును. మాడ్రిడ్ వారు ప్రకటనపత్రము వ్రాసి సాధింపగోరిన కల్పితపు పిచ్చిని ఆయన ఏ ప్రకటనయు లేకుండ మన వాకిట ప్రదర్శించి, సోలెడు గింజలు పుచ్చుకొని పోయెను. శ్రీశ్రీ ఇంగ్లీషువారి లిమరిక్‌ను తెచ్చి ‘లిమఋక్కు’ అని నామకరణము చేసినప్పుడు, జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రిగారు తన సమకాలికులను వారి గొంతుకతోనే అనుకరించి నవ్వించినప్పుడు, ఈ నేలయే పలికినది.

ఇటీవల మేము కొందరు విద్యార్థులకు పఠాభి కవితలను చదివి వినిపించితిమి. వారు మర్యాదగా విని, మా మొగము చూచుచు కూర్చుండిరి. నవ్వలేదు. తప్పు వారిది కాదు, కవిదియును కాదు. వారు కృష్ణశాస్త్రిగారిని చదువలేదు. సీసమును గీతమును చెవితో గుర్తింపలేరు. ఏది విరుగుచున్నదో తెలియనివానికి విరిగిన చప్పుడు వినబడదు. పద్యము నడుము విరుగగొట్టెదనన్న కవికి పద్యము బాగుగ తెలియును. అతని తొలిపాఠకులకును తెలియును. కావుననే వారికి కోపమో నవ్వో వచ్చెను. పద్యమును మరచిన ఇంటిలో పద్యము ఎంత అనాథయో, పద్యముపై వేసిన హాస్యమును అంతే అనాథ.

తొలేదో సంఘము వారి నియమము ఇచ్చట మరల జ్ఞాపకమునకు వచ్చును. దేనిని ఆటపట్టింపదలచితివో దానిని ముందు ప్రేమింపుము; దాని సందులలో రాత్రియంతయు తిరుగుము. ఈ నియమము తెలిసినవారు ముందు నడచు దళమగుదురు. తెలియనివారు ఊరక అల్లరిమూక యగుదురు.

మన పిల్లలలో ఎవరో ఒకరు రేపు క్రొత్త నవ్వుతో మనలను కలవరపెట్టవచ్చును. పెట్టవలెననియే మా కోరిక. అందుకు పెద్దలు చేయదగినది ఒకటున్నది. రేడియోలో పద్యపఠనము వచ్చినప్పుడు గొట్టము త్రిప్పివేయక, పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని వినుడు. హరికథయో, తోలుబొమ్మలాటయో ఊరికి వచ్చినప్పుడు వెంటబెట్టుకొని పొండు. అమరావతికి పోయినప్పుడు బుద్ధుని పాదములకు మ్రొక్కించి, పిమ్మట ఆ బానకడుపు యక్షుని కూడ చూపుడు. రెంటిని చెక్కినది ఒక్క చేయియేనని చెప్పుడు.